మంచులో మిగిలిన బాంబరు: ఒక చిత్ర సమీక్ష

యుద్ధకాలపు విమానాల మరమ్మతును గూర్చి వచ్చిన చిత్రాలలో 1996లో అమెరికా టెలివిజనులో "నోవా" వరుసన ప్రసారమైన "బి-29: ఫ్రోజెన్ ఇన్ టైమ్" చూడదగినది.

"కీ బర్డ్" అను బి-29 విమానం 1947 ఫిబ్రవరిలో దారి తప్పి, పెట్రోలు తరిగిపోగా, గ్రీన్లాండులో గడ్డకట్టిన సరస్సుపై చక్రాలు దించకుండ పొట్టమీద దిగినది. ప్రొపెల్లర్లు వంగినవి గాని అందులోని 11 మందీ బ్రతికినారు. 1994లో డారిల్ గ్రీనమయర్ బృందంవారు బాగుచేసిన ఇంజన్లు, ప్రొపెల్లర్లు, కొత్త టైర్లు అక్కడికి చేర్చి బిగించినారు. ఆ శ్రమలో జబ్బుపడిన ప్రధాన ఇంజనీరు మరణించినాడు. 1995 మేలో నాలుగు ఇంజన్లూ నడిచినవి. విమానం మంచుపై పరుగిడుచుండగా, వెనుకభాగాననున్న చిన్న విద్యుద్యంత్రానికి తాత్కాలికంగా అమర్చిన పెట్రోలు తొట్టి కారి నిప్పంటుకొన్నది. అల్యూమినియం 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరుగును. పెట్రోలు మంట వేడి అంతకు మించినది. మంచు 48 ఏళ్లు కాపాడిన విమానం కండ్లముందే కాలిపోయినది. మనుష్యులు మాత్రం బయటపడినారు.

ఓటమిని దాచకపోవుట ఈ చిత్రంలోని గొప్ప. కాని దీనిని సాహసగాథగా నడపుటచేత అసలు ప్రశ్నకు చాలినంత చోటు దక్కలేదు: పెద్ద ఇంజన్లపై పెట్టిన శ్రద్ధ ఆ చిన్న తొట్టిపై ఏల లోపించినది? తరగతిలో దీనిని చూపు ఉపాధ్యాయుడు, విమానం కదలుటకు ముందే బొమ్మ ఆపి, ఇంకను ఏమేమి పరీక్షించవలెనో విద్యార్థులనే అడుగవచ్చును.