పుత్తడిబొమ్మ యన నేమి?

కావ్యమున నలంకార మెందులకు? శోభకొఱకని మన విద్యార్థులు తడుముకొనక చెప్పుదురు. ముఖము చంద్రునివలె నున్నదనిన నుపమ. ముఖమే చంద్రుడనిన రూపకము. పేరు పెట్టుటతో పాఠము ముగియును. కాని పేరు తెలిసినంతమాత్రమున కవిహృదయము తెలిసినట్లు కాదు. ఆ పోలిక యచ్చటనే యేల వచ్చినది? తీసివేసినచో నేమి నష్టము? ఇట్లడిగినప్పుడే చదువు మొదలగును. అలంకారము రసమునకు లోబడి యుండవలెననియు, వేఱు ప్రయత్నము లేకయే దానితోడ పుట్టవలెననియు తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చెప్పెను. ఈ గీటురాతిపై గురజాడ అప్పారావుగారి (1862-1915) పూర్ణమ్మ కథను ఒరసి చూతము.

కథ చిన్నది. పూజారి యింట పుట్టిన బాలిక నిత్యము పువ్వులతో దుర్గను కొలుచును. తలిదండ్రులు ధనమున కాశపడి యామెను ముదుసలికి కట్టబెట్టుదురు. మగడు కొనిపోవ వచ్చిన నాడు అందఱివద్ద సెలవు గైకొని, సందెవేళ దుర్గకడకు బోయిన బాల మరల నింటికి రాదు.

కవి యామెను పుత్తడిబొమ్మ యనును. ఇది క్రొత్త పోలిక కాదు. ప్రతి తల్లియు బిడ్డను బంగారుతల్లీ యని పిలుచునదే. కాని కథలో కాసు ప్రవేశించినంతనే యా మాట రూపు మాఱును. బంగారమనగా వెలలేనిదని ప్రేమ తలచినది. వెల పలుకునదని యాశ తలచినది. కవి మాట మార్చలేదు, ఇంటివారి బుద్ధి మాఱినది. 1897లో అచ్చయిన కన్యాశుల్కమున నాటకమంతయు నడపి నవ్వులతో ఖండించిన దురాచారమును, ఇచ్చట నొక్క రూపకముతో ఖండించినాడు.

కలువకన్నులు, హంసనడకలు ప్రబంధములలో నరిగిపోయిన నాణెములు కావా యని యొకరు శంకింపవచ్చును. నిజమే. అయినను ముగింపు చూడుడు. బాలిక సొబగులను కవి యొక్కొక్కటిగా కలువలకును హంసలకును తిరిగి యప్పగించును. ఆమెను దుర్గకు చేర్చును. ఉపమానములు మిగిలినవి, ఉపమేయము లేదు. మరణమను మాట లేకయే మరణము తెలిసినది. ఇదియే ధ్వని. పోలికలు పాతవగుటయే యిచ్చట బలము: ఎల్ల కన్నెలకును చెల్లిన పోలికలు గనుక, పోయినది యే యింటి బిడ్డయైనను కావచ్చును. కథారంభమున కవి తల్లులను, కన్నెలను పిలిచి వినుడనుటయు నిందులకే.

కన్యాశుల్కము నేడు చాలవఱకు మాసినది. 1961 నాటి చట్టము నిషేధించినను వరకట్నము మాయలేదు. సొమ్ము నడచు దిక్కు మాఱినదే గాని బిడ్డకు వెలగట్టుట మానలేదు. కావున పూర్ణమ్మ కథను పిల్లలచే చదివించు పెద్దలు అలంకారము పేరు చెప్పించి యూరకుండరాదు. మన బిడ్డను బంగారమని పిలుచునప్పుడు మన మనసులో నున్నది యే బంగారమో, ముందుగా మనలను మనమే యడుగుకొనవలెను.