వంత ఉంటేనే పాట

రెండేళ్ల కిందటి మాట. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. తెల్లాపూర్‌లో మా ఇంటి వంటగదిలో నేల మీద కూర్చుని అమ్మ చిక్కుడుకాయలకు నార తీస్తోంది. నేను నోటుబుక్కు, పెన్ను పట్టుకుని పక్కన చేరాను. ధర్మాంగద రాజు కథ చెప్పే బతుకమ్మ పాటను మొదటి నుంచి చివరిదాకా రాసిపెట్టుకోవాలని నా ఆశ. నా చిన్నతనంలో సిద్దిపేట దగ్గర మా ఊళ్లో అమ్మ ఆ పాటను గంటసేపు పాడేది, ఎక్కడా తడుముకునేది కాదు. ఆ రోజు మాత్రం ఏడెనిమిది చరణాలకే ఆగిపోయింది. మళ్లీ మొదటికెళ్లింది. మళ్లీ అక్కడే ఆగింది.

"యాదికొస్తలేదు బిడ్డా" అంది.

వయసు మీదపడుతోందని నాకు బెంగ పట్టుకుంది. కాసేపటికి అమ్మే అంది: "నువ్వు రాసుడు బంద్ పెట్టు. ఉయ్యాలో అనుకుంట కూసో. నువ్వు అంటుంటే నాకొస్తది."

పెన్ను పక్కన పెట్టి అన్నాను. యుద్ధంలో నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న చోళరాజు, ఆయన భార్య సత్యవతి, అడవిలో వాళ్ల తపస్సు, వాళ్ల ఇంట ఆడబిడ్డగా పుట్టిన లక్ష్మి, ఆ బిడ్డకు మునులు బతుకమ్మ అని పేరు పెట్టడం... ఒక్కొక్కటే వరుస తప్పకుండా వచ్చాయి. చిక్కుడుకాయలు అయిపోయాయి కానీ పాట అవలేదు.

పాటంతా అమ్మ బుర్రలో ఉందని ఇన్నేళ్లూ అనుకున్నాను. దానిలో సగం వంత పాడేవాళ్ల నోట్లో ఉంటుందని ఆ పొద్దున తెలిసింది. బతుకమ్మ పాటకు ప్రాణం ఆ సగంలోనే ఉందని నేను నమ్ముతున్నాను.

పాట అల్లిక

బతుకమ్మ పాటలో ఒకరు చెబుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. మా ఊళ్లో "పాట చెప్పుడు" అనే అంటారు. చరణాన్ని రెండు ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్క చివర ఒక వంత మాట పెడతారు. ఉయ్యాలో, చందమామ, వలలో, కోల్... ఈ మాటలు తెలంగాణలో ఏ ఆడబిడ్డకైనా తెలుసు. కొన్ని ఊళ్లలో గుంపంతా చరణాన్ని తిరిగి పాడి వంత కలుపుతుంది, కొన్నిచోట్ల వంత మాట మాత్రమే అంటుంది. ఒకే కథను ఉయ్యాలో మీద ఒక తీరుగా, చందమామ మీద ఇంకో తీరుగా పాడుకోవచ్చు. వంత మారితే నడక మారుతుంది, అడుగు మారుతుంది.

గుంపు వంత పాడే ఆ నాలుగు క్షణాల్లో పాట చెప్పే ఆమె ఊపిరి తీసుకుంటుంది, తర్వాతి చరణాన్ని మనసులో వెతుక్కుంటుంది. వందల చరణాల కథను కాగితం లేకుండా చెప్పగలిగేది ఈ వెసులుబాటు వల్లనే. నేను రాసుకుంటూ కూర్చున్నప్పుడు అమ్మకు ఆ వెసులుబాటు పోయింది. 1930లలో మిల్మన్ ప్యారీ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ యుగోస్లావియా పల్లెల్లో కథాగాయకుల పాటలు సేకరించారు. రాసుకోవడానికి వీలుగా మెల్లగా చెప్పమంటే, వాద్యం తోడు లేక ఆ గాయకులూ తడబడేవారని లార్డ్ తర్వాత రాశాడు. మా వంటగదిలో జరిగిందీ అదే.

ఇక స్వరం సంగతి. బతుకమ్మ వరసలు చాలావరకు నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతాయి. ఆఫీసుకు వెళ్లేటప్పుడు కారులో నేను ఘంటసాలను, బాలమురళీకృష్ణను వింటాను. ఆ గొంతులు నాకు ప్రాణం. వాటిని వింటూ తరించడమే తప్ప వాటితో సమానంగా పాడే సాహసం నాకు లేదు. బతుకమ్మ పాటను ఎనిమిదేళ్ల పిల్ల, ఎనభై ఏళ్ల ముసలమ్మ ఒకే శ్రుతిలో పాడతారు. అందరి గొంతుకూ అందేటట్టు తరతరాల ఆడవాళ్లు ఆ వరసలను దిద్దుకుంటూ వచ్చారు.

అమ్మ నాకు మూడు సూత్రాలు చెప్పింది. మొదటిది, పాటను కింది గొంతులో ఎత్తుకోవాలి: "నీ గొంతు చూసుకోకు. గుంపుల ముసలామెకు అందుతదా లేదా చూడు." రెండోది, గుంపు వంత పూర్తిగా ముగించాకే తర్వాతి చరణం ఎత్తాలి, వెనకబడ్డవాళ్లు కలవాలి కదా. మూడోది, మరిచిపోతే ఆగిపోకూడదు: "ఉయ్యాలో అనుకుంటనే ఉండాలె. ఎవరికో ఒకరికి యాదికొస్తది."

తాళం చేతుల్లోనే ఉంటుంది. ఒంగి చప్పట్లు కొట్టి, లేచి పక్కకు అడుగు వేస్తారు. మొదట నిదానంగా నడిచి, పొద్దుపోయేకొద్దీ జోరందుకుంటుంది. డప్పు ఉంటే అందం, లేకున్నా పాట ఆగదు. నాట్ల పాట, రోకటి పాట, తిరగలి పాట కూడా ఇలాగే ఒంటి కదలికను పట్టుకుని పుట్టాయి. పని మారింది, పండుగ వచ్చింది, అందించే పద్ధతి అదే. 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసిన ఆచార్య బిరుదురాజు రామరాజు, ఇలాంటి ఆడవాళ్ల పాటలు పండితులు కూర్చుని చదవాల్సిన సాహిత్యమని నిరూపించారు.

చెప్పే ఆమెకు కొత్త మాటలు కలిపే హక్కు కూడా ఉంది. ఊరి పేరు, వాన రాని ఏడు, కొత్తగా వచ్చిన కోడలు, ఏదైనా పాటలోకి వస్తుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరల జులుం, సంఘం మాట ఉయ్యాల వరసల్లోనే ఊరూరూ తిరిగాయి. జనానికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, వంత అప్పటికే అందరికీ వచ్చు.

పువ్వు మీద పువ్వు

బతుకమ్మను పేర్చడంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. తాంబాళంలో అడుగున గుమ్మడి ఆకులు పరుస్తారు. గునుగు కాడలను సమంగా కోసి, కట్టలు కట్టి, కొసలకు రంగులు అద్దుతారు. తంగేడు, గునుగు, బంతి, చామంతి ఒక్కో వరుసగా గుండ్రంగా, కాడ లోపలికి, పువ్వు బయటికి ఉండేటట్టు పెడతారు. మధ్యలో ఖాళీని ఆకులతో, కాడలతో గట్టిగా నింపుతారు. ఆ నింపుడు వదులైతే బతుకమ్మ ఒరిగిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ వరుస సన్నబడి, చివర గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు గౌరమ్మ.

బయటి పూల రంగులను అందరూ చూస్తారు. వాటిని నిలబెట్టేది లోపలి ఆకు. పాటలో వంతది ఆ ఆకు పనే.

తెల్లాపూర్‌లో తొమ్మిది రోజులు

భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ఈ పండుగ ముగుస్తుంది. నడుమ ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆట ఉండదు. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2016 అక్టోబరు 8న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది మహిళలు ఒకేసారి బతుకమ్మ ఆడారు.

తెల్లాపూర్ కూడా ఈ ఏళ్లలోనే మారింది. 2016లో మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది, 2018లో మున్సిపాలిటీ అయింది. పొలాలున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒక్క లిఫ్టులోనే కరీంనగర్ యాస, గుంటూరు యాస, హిందీ, తమిళం వినిపిస్తాయి. ఇప్పటికీ ఖాళీ ప్లాట్లలో అక్కడక్కడా గునుగు తెల్లగా పూస్తుంది. తంగేడును మాత్రం మార్కెట్లో కొనుక్కుంటాం.

మా దగ్గర బతుకమ్మ ఆట చాలా ఏళ్లు పెద్ద స్పీకర్లతో సాగింది. రికార్డు పాటలకు అడుగులు బాగానే కుదిరేవి, చీరల కళ, పిల్లల సంబరం దేనికీ లోటు లేదు. కానీ ఆ హోరులో ఎవరి గొంతూ ఎవరికీ వినిపించేది కాదు. వెనకబడ్డవాళ్ల కోసం స్పీకరు ఆగదు. అమ్మ రెండు చుట్లు తిరిగి, కుర్చీలో కూర్చుని చూసేది. అలా కూర్చున్న ఆమెను చూస్తే నాకు కడుపులో దేవినట్టుండేది.

నిరుడు సద్దుల నాడు నలుగురం అడిగితే అరగంట స్పీకరు ఆపడానికి అందరూ ఒప్పుకున్నారు. అమ్మకు ఆయాసం, అందుకే నన్ను చెప్పమంది. కింది గొంతులో ఎత్తుకున్నాను. పదిమంది వంత కలిపారు, తర్వాత ఇరవైమంది. మా ఎదురింటి తమిళ అమ్మాయి మూడో చరణానికే ఉయ్యాలో పట్టేసింది. తపస్సు ఘట్టం దగ్గర నాకు తర్వాతి చరణం పోయింది. ఒళ్లు చల్లబడింది. మూడో సూత్రం గుర్తొచ్చి వంతే అంటూ అడుగు వేశాను. గుంపు కూడా అంది. మళ్లీ అంది.

అప్పుడు వలయం బయటి నుంచి ఒక గొంతు చరణం అందుకుంది. మా అపార్ట్‌మెంట్లో పనిచేసే అక్క, నారాయణఖేడ్ వైపు ఆమె. చీపురు గోడకు ఆనించి అప్పటిదాకా దూరంగా నిలబడి చూస్తోంది. ఆమె చెప్పింది అమ్మ చెప్పిన మాట కాదు, వాళ్ల ఊరి మాట. కథ అదే, దారి వేరు. ఎవరో చెయ్యి పట్టి లోపలికి లాగారు. తర్వాత పాటంతా ఆమెదే. ఏడాది పొడవునా మెట్ల మీద ఎదురుపడుతున్నా ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ తప్పు నాదే. ఈ పాట పద్ధతి విలువ నాకు ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు: వంత వచ్చిన ప్రతి మనిషికీ ఇందులో చోటుంది, ఏ క్షణాన్నయినా ఆమె చెప్పే మనిషి కావచ్చు.

బతుకమ్మలను నీళ్లలో సాగనంపి వచ్చాక అందరం సద్దులు పంచుకున్నాం. పెరుగన్నం, పులిహోర, మలీద ముద్దలు. నేను నోటుబుక్కు తెచ్చుకున్నాను. ఇప్పుడు అందులో ఎడమ పేజీలో మా ఊరి పాట, కుడి పేజీలో నారాయణఖేడ్ పాట. కానీ ఆ రాత్రి ఎక్కువసేపు రాయలేదు. మెట్ల మీద అక్క చెబుతోంది. జీవితమంతా పాట చెప్పిన మా అమ్మ ఆమె పక్కన కూర్చుని, మోకాలి మీద మెల్లగా చరుస్తూ, చరణం చరణానికీ ఉయ్యాలో అంటోంది.