రక్షణ ఉత్తర్వుకు గడువు: మళ్ళీ కోర్టుకు ఎవరు రావాలి?

గృహహింస కేసులో కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు ఎంతకాలం నిలుస్తుంది? టెక్సాస్‌లో మామూలుగా రెండేళ్ళు. కాలిఫోర్నియాలో ఐదేళ్ళ దాకా. న్యూజెర్సీలో తుది ఉత్తర్వుకు ముగింపు తేదీ అన్నదే ఉండదు. మన దేశంలో 2005 నాటి గృహహింస చట్టం 25వ సెక్షన్ ప్రకారం, రక్షణ పొందిన మహిళ ‘ఇక అక్కర్లేదు, రద్దు చేయండి’ అని తానే అడిగేదాకా. ఈ అంకెలను వరుసగా పేర్చి, ఎక్కువ కాలం ఇచ్చిన చట్టానికి ఎక్కువ మార్కులు వేయడం సులువే. ఆ లెక్కన మనదీ మొదటి వరుసలో ఉంటుంది. అయితే ఈ చట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే అంకెల వెనక మరో ప్రశ్న కనిపిస్తుంది. కాలం గడిచాక మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కాల్సింది ఎవరు? దెబ్బలు తిన్న మనిషా, కొట్టిన మనిషా? నా దృష్టిలో ఒక రక్షణ చట్టం విలువ తేలేది ఇక్కడే.

టెక్సాస్ సంగతి ముందు చూద్దాం. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్‌లలో వేలాది తెలుగు కుటుంబాలు ఉన్నాయి కాబట్టి అది మనకు దూరపు ముచ్చట కాదు. అక్కడి కుటుంబ చట్టం ప్రకారం ఉత్తర్వులో కాలం రాయకపోతే రెండేళ్ళు నిండిన రోజున అది ముగిసిపోతుంది. ఒళ్ళు తీవ్రంగా గాయపడినా, అదే మనిషి మీద అంతకుముందు రెండు ఉత్తర్వులు వచ్చి ఉన్నా రెండేళ్ళు దాటి ఇవ్వవచ్చు. ఇందులో మెచ్చుకోవాల్సిన ఏర్పాటు ఒకటుంది. గడువు తీరే నాటికి అతను జైల్లో ఉంటే ఉత్తర్వు అక్కడితో ఆగదు, విడుదలయ్యాక కనీసం ఏడాది పాటు సాగుతుంది. జైల్లో గడిచిన కాలాన్ని ఆమె భద్రత లెక్కలోంచి కోసేయకూడదని ఆ చట్టం రాసినవాళ్ళు గ్రహించారు. కాని బయట తిరిగే మనిషి విషయంలో రెండేళ్ళు ముగిశాయంటే భారమంతా ఆమె మీదే. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ లాయరు, మళ్ళీ అతని ముందు నిలబడి జరిగినదంతా మొదటినుంచి చెప్పుకోవడం.

అప్పుడు అవతలి లాయరు అడిగే ప్రశ్న ఊహించడం కష్టం కాదు: ఈ రెండేళ్ళలో అతను మిమ్మల్ని ఏమైనా అన్నాడా? లేదంటే, మరి ఉత్తర్వు ఎందుకు? గడువు పెట్టే ప్రతి చట్టంలోనూ పొంచి ఉన్న అన్యాయం ఇదే. ఉత్తర్వు చక్కగా పనిచేసి అతన్ని దూరంగా ఉంచితే, ఆ ప్రశాంతతే ఉత్తర్వును ఎత్తేయడానికి సాక్ష్యమవుతుంది. గొడుగు కింద తడవలేదు కాబట్టి వాన లేదనడం లాంటి వాదన ఇది.

కాలిఫోర్నియా చట్టం ఈ వాదనకు సూటిగా అడ్డుకట్ట వేసింది. అక్కడా గడువుంది. అయితే ఉత్తర్వును పొడిగించమని అడిగే మహిళ, మొదటి ఉత్తర్వు వచ్చాక మళ్ళీ హింస జరిగిందని చూపనక్కర్లేదని చట్టంలోనే రాశారు. శాశ్వతంగా కూడా పొడిగించవచ్చు. 2004లో అక్కడి అప్పీలు కోర్టు దీనికి కొలమానం చెప్పింది: ఆమె భయం సహేతుకమైనదా అన్నది చూడాలి, అది తేల్చేటప్పుడు మొదటి ఉత్తర్వుకు దారితీసిన సంఘటనలను మరిచిపోకూడదు. గడువు పెట్టక తప్పదనుకునే చట్టసభలు కనీసం ఈ ఒక్క వాక్యాన్నయినా తమ చట్టాల్లో చేర్చుకోవాలి. అయినా ఇక్కడ కూడా కోర్టుకు వచ్చి అడగాల్సింది ఆమే.

న్యూజెర్సీ ఆ భారాన్ని తిప్పి అవతలివాడి మీద పెట్టింది. ఎడిసన్‌లో ఉండే ఒక తెలుగమ్మాయి కోర్టుకు వెళ్తే ముందు తాత్కాలిక ఉత్తర్వు వస్తుంది. చట్టం ప్రకారం పది రోజుల్లో తుది విచారణ జరగాలి. అందులో తుది ఉత్తర్వు వస్తే ఇక దానికి గడువు లేదు. ఎత్తేయాలంటే తగిన కారణం చూపాలి. 1995లో అక్కడి కోర్టు ఒకటి ఇందుకు పదకొండు అంశాలను వరుసగా చెప్పింది. ఆమె సమ్మతి ఉందా, ఆమెకు ఇంకా భయం ఉందా, ఉత్తర్వు ఉల్లంఘించినందుకు అతనికి ఎన్నిసార్లు శిక్ష పడింది, తాగుడు సమస్య ఉందా, కౌన్సెలింగ్‌కు వెళ్ళాడా, వేరేవాళ్ళ మీద దౌర్జన్యం చేశాడా, ఇప్పుడతని వయసూ ఆరోగ్యమూ ఎలా ఉన్నాయి వగైరా. ఈ జాబితాలో నాకు నచ్చిన సంగతేమిటంటే, కాలం గడిచిందన్న ఒక్క కారణం సరిపోదు. ఆ గడిచిన కాలంలో అతనేం చేశాడో చెప్పుకోవాలి.

ఇది అతనికి అన్యాయం కాదా అనేవాళ్ళున్నారు. ఆ మాటను కొట్టిపారేయను. ఈ ఉత్తర్వులు క్రిమినల్ కేసులో నేరం రుజువయ్యాక ఇచ్చేవి కావు, సివిల్ కేసు స్థాయి రుజువుతో ఇచ్చేవి. న్యూజెర్సీలో తుది ఉత్తర్వు వస్తే వేలిముద్రలు తీసుకుంటారు, పేరు రాష్ట్ర రికార్డులోకి ఎక్కుతుంది. వీసా మీద ఉన్నవాడు ఆ ఉత్తర్వులోని రక్షణ నిబంధనను ఉల్లంఘించాడని కోర్టు తేలిస్తే దేశంనుంచి పంపేయడానికి అది కారణమవుతుంది. అలాంటి ఉత్తర్వు జీవితాంతం ఉంటుందన్నప్పుడు, తిరిగి తలుపు తట్టే అవకాశం అతనికి ఉండి తీరాలి. న్యూజెర్సీలో అది ఉంది. టెక్సాస్‌లోనూ ఏడాది దాటాక, ఇంకా అవసరముందో లేదో చూడమని అతను అడగవచ్చు. తలుపు ఉండాలన్నదాని మీద నాకు పేచీ లేదు. తట్టేది అతనై ఉండాలన్నదే నా వాదన.

అమెరికాలో ఈ గడువుకు ప్రాణాంతకమైన మరో ముడి ఉంది. రక్షణ ఉత్తర్వు కింద ఉన్న మనిషి తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని కేంద్ర చట్టం నిషేధించింది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 8–1 తేడాతో ఆ నిషేధాన్ని సమర్థించింది. ఆ కేసు కూడా టెక్సాస్ ఉత్తర్వు నుంచి పుట్టిందే. ఆ నిషేధం ఉత్తర్వు అమల్లో ఉన్నంత కాలమే. అంటే ఎడిసన్‌లో తుపాకీకి దూరంగా ఉండాల్సిన కాలం వేరు, ఫ్రిస్కోలో వేరు. ఒకే దేశంలో, ఒకే కేంద్ర చట్టం కింద, ఆమె ఏ రాష్ట్రంలో కాపురం ఉంది అన్నదాన్ని బట్టి ఇది మారిపోతుంది.

ఇంగ్లండు దారి వేరు. 1996 నాటి చట్టం కింద ఇచ్చే ఉత్తర్వు, జడ్జి చెప్పిన కాలం దాకానో, మళ్ళీ ఉత్తర్వు వచ్చేదాకానో నడుస్తుంది. ఆచరణలో ఆరునెలలూ ఏడాదీ ఎక్కువ. పోలీసులు తెచ్చే అత్యవసర ఉత్తర్వుకైతే 28 రోజులే హద్దు. ఆమె బట్టలు సర్దుకుని వేరే ఇల్లు వెతుక్కోవడానికి కూడా చాలని కాలం అది. 2021 చట్టం గడువు హద్దులు లేని కొత్త ఉత్తర్వును తెచ్చింది, 2024 నవంబరులో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు.

ఇక మన చట్టం. 25వ సెక్షన్ మొదటి భాగాన్ని చదివినప్పుడల్లా, దాన్ని రాసినవాళ్ళకు మన ఇళ్ళ సంగతి బాగా తెలుసనిపిస్తుంది. పెద్దమనుషుల మాట మీద, పిల్లల మొహం చూసి, పుట్టింటివాళ్ళ పరువు కోసం వెనక్కి వెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ కోర్టు దాకా రావడానికి ఏళ్ళు పడుతుందని తెలిసినవాళ్ళే అలా రాయగలరు. ఆ భాగం ప్రకారం ఆమె అడిగితే తప్ప రక్షణ పోదు. రెండో భాగం ఇద్దరికీ తలుపు తెరిచింది: పరిస్థితులు మారాయని మెజిస్ట్రేటుకు నమ్మకం కుదిరితే ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ మార్పు ఉత్తర్వు వచ్చిన తర్వాత జరిగినదై ఉండాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాత వాదనలను కొత్త దరఖాస్తులో చుట్టి తేవడానికి వీల్లేదన్నమాట. దీనికి కాలిఫోర్నియా వాక్యం కూడా తోడైతే బాగుంటుంది. ‘మూడేళ్ళుగా నేనేమీ అనలేదు’ అన్నది ఉత్తర్వు పనిచేస్తోందనడానికి రుజువు తప్ప, పరిస్థితులు మారాయనడానికి కాదు.

కాని ఆ మొదటి భాగాన్ని ఇంకా దగ్గరగా చదవాలి. ఆమె అడిగేదాకా నిలుస్తుందని చెప్పింది 18వ సెక్షన్ కింది రక్షణ ఉత్తర్వు గురించి మాత్రమే. ఆమెను ఇంట్లోంచి గెంటకూడదని చెప్పే నివాస ఉత్తర్వు 19వ సెక్షన్‌లో ఉంది, దాని ఆయుష్షు గురించి ఇలాంటి మాట లేదు. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా అని చెప్పే 31వ సెక్షన్ కూడా రక్షణ ఉత్తర్వునూ మధ్యంతర రక్షణ ఉత్తర్వునూ మాత్రమే పేర్కొంటుంది. మన ఊళ్ళలో హింస తీసుకునే రూపాల్లో ఒకటి ఏమిటి? బట్టల మూట బయట పడేసి, తాళం మార్చేయడం. చట్టంలోని గట్టి పదాలు సరిగ్గా అక్కడ పలచబడ్డాయి. 18వ సెక్షన్ చివరి క్లాజు, ఉత్తర్వులో పేర్కొన్న మరే పనినైనా నిషేధించే అధికారం మెజిస్ట్రేటుకు ఇస్తోంది కాబట్టి, గెంటివేతను అక్కడే పేరు పెట్టి నిషేధించమని ప్రతి డీవీసీ (గృహహింస కేసు)లోనూ అడగాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఇది.

రెండో లోపం ఆచరణది. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ, అప్పటినుంచి 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం అని 12వ సెక్షన్ అంటుంది. డీవీసీ వేసిన ఆడవాళ్ళని అడిగితే వాయిదాల గురించి చెబుతారు తప్ప 60 రోజుల గురించి కాదు. ఈలోగా వచ్చేది మధ్యంతర ఉత్తర్వు. దాన్ని ‘వచ్చే వాయిదా దాకా’ అని ఇచ్చినప్పుడు, గడువు లేని మన చట్టం నెలనెలా గడువు తీరే చట్టంగా మారిపోతుంది. వాయిదా రోజున జడ్జి సెలవులో ఉన్నా, లాయర్లు విధులు బహిష్కరించినా, ఉత్తర్వు ఉందో లేదో ఆమెకే తెలియదు, పోలీస్ స్టేషన్‌లో అంతకన్నా తెలియదు. టెక్సాస్ మహిళకు కనీసం రెండేళ్ళ తేదీ చేతిలో ఉంటుంది. కేసు తేలేదాకా మధ్యంతర ఉత్తర్వు అమల్లో ఉంటుందని ఒక్క మాట రాయడానికి మెజిస్ట్రేటుకు ఏ అడ్డంకీ లేదు.

కాలం ఉన్నా అమలు లేకపోతే ఏమవుతుందో కొలరాడోలోని కాజిల్ రాక్ పట్టణం చూపింది. అక్కడ ఒక తల్లి చేతిలో కోర్టు శాశ్వతం చేసిన ఉత్తర్వే ఉంది. 1999లో ముగ్గురు కూతుళ్ళను భర్త ఎత్తుకుపోతే ఆమె పోలీసులను పదేపదే వేడుకుంది, వాళ్ళు కదల్లేదు, ముగ్గురు పిల్లలూ హతమయ్యారు. ఉత్తర్వును అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని 2005లో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో తీర్పిచ్చింది. ఆ తీర్పు ఈనాటికీ నాకు మింగుడుపడదు. మన చట్టంలో ఉత్తర్వు ప్రతిని స్టేషన్‌కు ఉచితంగా పంపాలని ఉంది, ఉల్లంఘన నాన్‌బెయిలబుల్ నేరం, ఆమె ఒక్కతే సాక్ష్యం చెప్పినా కోర్టు నమ్మవచ్చు. ఈ మూడింటినీ నడిపించాల్సింది రక్షణ అధికారి. చట్టం అమల్లోకి వచ్చి పద్దెనిమిదేళ్ళు దాటాక కూడా, 2025 మేలో, తాలూకా స్థాయి దాకా రక్షణ అధికారులను గుర్తించి నియమించండని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎడిసన్‌లో తుది ఉత్తర్వు పొందిన ఆ తెలుగమ్మాయి ఉద్యోగమో వీసానో పోయి గుంటూరు వచ్చిందనుకుందాం. అమెరికాలో ఆ ఉత్తర్వును 1994 నాటి కేంద్ర చట్టం ప్రకారం టెక్సాస్ పోలీసులైనా గౌరవించాలి. మన ఉత్తర్వు 27వ సెక్షన్ ప్రకారం దేశమంతటా చెల్లుతుంది. కాని ఒక దేశపు ఉత్తర్వును రెండో దేశపు స్టేషన్‌లో నేరుగా అమలు చేయించే ఏర్పాటు ఈ రెండు చట్టాల్లోనూ లేదు. సెలవు మీద వచ్చిన భర్త ఆమె పుట్టింటి గుమ్మంలో నిలబడితే, గడువు లేని ఆ కాగితం చూసి కానిస్టేబులు అతన్ని అరెస్టు చేయలేడు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊళ్ళోనైనా డీవీసీ వేయవచ్చని మన చట్టం అంటుంది, అది మేలు. ఆ పాత ఉత్తర్వును జతచేసి, 23వ సెక్షన్ కింద అతని హాజరుతో పనిలేకుండా అదే రోజు మధ్యంతర ఉత్తర్వు ఇమ్మని ఆమె లాయరు అడగాలి, ‘వచ్చే వాయిదా దాకా’ అని కాకుండా ‘కేసు తేలేదాకా’ అని రాయించుకోవాలి.