పనితనం కనబడే ఫొటో

సంక్రాంతి కొలువుకు బొమ్మలు కొనేవాళ్లు అంగడిలో బొమ్మను చేతిలోకి తీసుకుంటారు. బరువు చూస్తారు, తిప్పి అడుగు చూస్తారు, రంగు మీద వేలు రాస్తారు. ఫోన్‌లో కొనేవారికి ఈ మూడూ లేవు. కొండపల్లి అంబారీ ఏనుగు పక్కనే అచ్చులో పోసిన ప్లాస్టిక్ ఏనుగు కనిపిస్తుంది. రెండూ తెల్లటి నేపథ్యంలో ఒకే రకంగా మెరుస్తుంటే ఇక చూడడానికి మిగిలేది ధర ఒక్కటే, ఆ పోటీలో చేతిపని గెలవలేదు. కాబట్టి ఆన్‌లైన్‌లో పెట్టే బొమ్మ ఫొటో అందంగా ఉంటే చాలదు. ఆ బొమ్మ ఎలా తయారైందో చూపించాలి. ధరకు సమాధానం చెప్పగలిగేది అదే.

కొండపల్లి బొమ్మనే తీసుకుందాం. తెల్ల పొణికి చెక్క తేలికైనది, మెత్తనిది. కాళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దాని మీద సున్నం పూత, ఆపైన సన్నని కుంచెతో రంగులు. కాబట్టి బొమ్మ ఒళ్లంతా చిన్న చిన్న ఎత్తుపల్లాలుంటాయి, కనుబొమ గీతలో చేతి వేగం ఉంటుంది. ఫోన్ ఫ్లాష్ ఎదురుగా పడితే నీడలు పోతాయి, నీడలతోపాటు ఇవన్నీ పోతాయి. అదే బొమ్మను కిటికీకి పక్కగా పెట్టి, వెలుతురు ఒక వైపు నుంచే వచ్చేలా చూసి, రెండో వైపు ఒక తెల్ల అట్ట నిలబెడితే ఉలి పోయిన దారి కనబడుతుంది. గదిలో ట్యూబులైటు ఆర్పేయాలి. రెండు రకాల వెలుగులు కలిస్తే సున్నపు తెలుపు ఒక వైపు పసుపుగా, మరో వైపు నీలంగా మారుతుంది. మరీ దగ్గరగా వెళ్లి తీస్తే ఏనుగు తొండం ఉబ్బి, వెనక కాళ్లు చిక్కిపోతాయి. రెండు మూడడుగులు వెనక్కి జరిగి జూమ్ చేస్తే శిల్పి ఉద్దేశించిన కొలతలు దక్కుతాయి.

ఏటికొప్పాక బొమ్మకు ఈ పద్ధతి మొత్తంగా సరిపోదు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళకు ఆ నునుపే ప్రాణం, ఫొటో తీసేవారికి అదే చిక్కు. చిన్న దీపం పెడితే బొమ్మ పొట్ట మీద తెల్లటి చుక్క పడుతుంది, ఫోన్ పట్టుకున్న చేయి కూడా ప్రతిబింబిస్తుంది. కిటికీకి పల్చటి తెల్ల పంచె కడితే ఆ చుక్క బొమ్మ పొడవునా సాగిన మెత్తని మెరుపవుతుంది. ఆ మెరుపు అంచు ఎక్కడా తెగకుండా ఉంటే లక్క పూత ఎంత సమంగా పట్టిందో కొనేవారికి తెలుస్తుంది. ఇక రంగు. మొక్కల నుంచి తీసిన పసుపు, నీలం, ఎరుపు రంగులు సహజంగానే కాస్త అణకువగా ఉంటాయి. ఫోన్ తనంతట తాను వాటిని ఎగదోస్తుంది, ఫిల్టర్ మరింత ఎగదోస్తుంది. సహజ రంగు కోసం ఎక్కువ ధర అడుగుతూ, ఫొటోలో దాన్ని రసాయన రంగులా చూపించడం చేజేతులా చేసుకునే నష్టం.

అమ్మకపు సైట్లు మొదటి ఫొటోకు తెల్ల నేపథ్యం అడుగుతాయి కదా అనవచ్చు. ఆ నియమాన్ని మొదటి ఫొటోలో పాటిద్దాం. రెండోది పక్క వెలుగులో, మూడోది అడుగుభాగం, నాలుగోది ప్రమిద పక్కన పెట్టి పరిమాణం తెలిసేలా తీయవచ్చు. ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది: గీతలు, హెచ్చుతగ్గులు చూపిస్తే కొనేవారు వాటిని లోపాలనుకుంటారని. కొందరు అనుకుంటారు, నిజమే. వాళ్లు ఫొటో చూసి కొనకుండా ఆగిపోవడం, పార్సిల్ విప్పి బొమ్మను వెనక్కి పంపడం కంటే ఎంతో నయం. పొణికి చెక్క బొమ్మ అటూ ఇటూ ప్రయాణిస్తే అతుకులు నిలవడం కష్టం. కళాకారులకు ఇంత తీరిక ఎక్కడిదన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే కిటికీ, పంచె, అట్ట ఒకసారి అమర్చుకుంటే ఒక పూటలో చాలా బొమ్మలు తీయవచ్చు. విదేశాల్లో కొలువు పెట్టే తెలుగువాళ్లకు పార్సిల్ చేరడానికి వారాలు పడుతుంది కనుక, సంక్రాంతి సరుకు ఫొటోలు కార్తీకంలోనే సిద్ధం కావాలి. అప్పటికి ఎండ దక్షిణానికి వాలి, దక్షిణపు కిటికీలోంచి ఏటవాలుగా చాలాసేపు లోపలికి వస్తుంది. పంచె కట్టడానికి ఆ కిటికీయే తగినది.