కారెంపూడి ఐదు రోజుల కూర్పు

సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు చూడొచ్చు. ఒక యుద్ధాన్ని అంత భద్రంగా దాచుకున్న చోటు కావాలంటే మాత్రం పల్నాడు వెళ్లాలి. 12వ శతాబ్దిలో పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున వీర్ల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు అక్కడ వీరారాధన జరుగుతుంది.

ఆ ఐదు రోజులను కూర్చినవాళ్ల పనితనానికి దండం పెట్టాలి.

రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఇదీ వరస. పల్నాటి యుద్ధం కథ తెలిసినవాళ్లకు ఇక్కడే ఓ విశేషం తగులుతుంది. కథలో ముందు వచ్చేది కోడిపందెం. అందులో మలిదేవరాజు మంత్రి బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు ఓడి, ఆ రాజు పక్షం ఏడేళ్లు వలసపోతుంది. ఆ వలసలోనే పశువుల మంద మీద దాడి, అడ్డం నిలిచిన లంకన్న మరణం. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి మలిదేవరాజు పక్షాన అలరాజు రాయబారం వెళ్తాడు. తిరుగుదారిలో చర్లగుడిపాడులో అతనికి విషం పెడతారు. యుద్ధం ఆ తర్వాత.

తొలినాటి రాచగావు అయ్యాక ఉత్సవం కథను రాయబారంతో ఎత్తుకుని మందపోరుకు, అక్కణ్నుంచి కోడిపోరుకు వెనక్కి నడుస్తుంది. నాలుగో నాడు పందెం తలచుకున్న జనమే మర్నాడు కల్లిపాడుకు, అంటే కురుక్షేత్రమంత నాశనానికి, వచ్చి నిలబడతారు. మధ్యలో ఏ సర్దుబాటు మాటా ఉండదు. రెండు పుంజుల పోరుకూ రణభూమికీ నడుమ ఒక్క రాత్రే. ఇంత పదునైన కూర్పు నేనెరిగిన ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు.

మందపోరు నాడే చాపకూడు కూడా. అన్ని కులాలనూ ఒకే బంతిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి భోజనం అది. చావును తలచుకునే రోజున అందరికీ కలిపి అన్నం పెట్టాలనుకోవడం ఎంత గొప్ప ఆలోచన!

ఇక ఆ వీరుల ఆయుధాలు. వాటిని కొణతాలంటారు. ఈ వీరారాధన పాటించే వీరాచారవంతులు ఊరూరి నుంచి మోసుకొచ్చి, నాగులేట్లో స్నానం చేయించి, పసుపు కుంకుమ పెడతారు. ముట్టుకోకుండా చూసే వస్తువులు కావవి. భుజం మార్చుకుంటూ మోయాల్సినవి.

కథను పాడేవాళ్లు వేరే ఉన్నారు, వీరవిద్యావంతులు. వాళ్లలో అలిసెట్టి గాలెయ్య పాడిన కథనే జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకంగా వేశారు. కారెంపూడి వెళ్లేముందు ఆ కథ మొత్తం ఒకసారి తెలుసుకుని వెళ్లండి. అప్పుడే ఆ తిరగేసిన వరస కంటపడుతుంది.