కనురెప్ప కింద ఎరుపు

నూజివీడు మామిడి తోటల మధ్య ఒక ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్ అనుకోండి. బల్ల మీద ట్యాబు, బీపీ మిషను, రక్తం చూసే చిన్న మీటరు. పదిహేనేళ్ల పిల్ల వచ్చి కూర్చుంది. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయంటుంది. డాక్టరు అక్కడ లేరు, తెర మీదికి రావాలి.

ఆ తెర వెనకున్నది ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని. మొహాలీలోని సీడాక్ సంస్థ దీన్ని తయారుచేసింది. ఊరి క్లినిక్‌ను పెద్ద కేంద్రంలోని డాక్టరుతో కలిపే పద్ధతిని 2019 నవంబరులో అందరికంటే ముందు మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే ఫోనులో డాక్టరును చూసే రెండో దారి వచ్చింది. పనితనం మొదటిదానిలో ఉందని నా నమ్మకం. కారణం, అందులో పిల్ల పక్కన ఒక మనిషి ఉంటుంది. ఆమె ఎమ్మెల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, నర్సింగ్ చదివిన అమ్మాయి.

ఆమె పని గమనించండి. ముందు పేరు, వయసు, బాధ ఎక్కిస్తుంది. నాడి, బీపీ, బరువు చూస్తుంది. పిల్లను కిటికీ వైపు తిప్పి కింది రెప్పను బొటనవేలితో మెల్లగా లాగుతుంది. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. కెమెరా రంగులను తనకు తానే సర్దేసుకుంటుంది కాబట్టి తెర మీది ఎరుపును పూర్తిగా నమ్మలేం. అందుకే తన కంటితో చూసింది చెప్తుంది, ఆపైన మీటరుతో హిమోగ్లోబిన్ అంకె తీస్తుంది. ఉంగరపు వేలి కొసను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, పక్కగా పొడుస్తుంది. మొదటి చుక్క తుడిచేస్తుంది, రెండో చుక్కే మీటరు పట్టీకి అందిస్తుంది. వేలిని గట్టిగా పిండదు. పిండితే ఒంట్లోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, అంకె తప్పుతుంది. ఆ ఒక్క జాగ్రత్త మీదే అవతలి డాక్టరు నిర్ణయమంతా ఆధారపడి ఉంది!

ఈ వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. 8 కంటే తగ్గితే తెర వైద్యం చాలదు, ఆసుపత్రికి పంపాలి. మధ్యలో ఉంటే డాక్టరు నాలుగు ప్రశ్నలు అడిగి చీటీ రాస్తారు, ఐరన్ మాత్రలు అక్కడే ఇస్తారు. టీతో మింగొద్దని, విరేచనం నల్లగా వస్తే భయపడొద్దని చెప్పేదీ ఈమే. ఆ రెండు మాటలు చెప్పకపోతే మాత్రలు అటక మీదే ఉండిపోతాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం రాష్ట్రంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో పదిమందిలో ఆరుగురికి రక్తం తక్కువ. అదే సర్వేలో, సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు దాదాపు సగం మందే. ఇదే నూజివీట్లో ట్రిపుల్ ఐటీ ఉంది, పది పాసైన పిల్లలు వేలల్లో చదువుతారు. వాళ్లకు ఫోను దారి తెరిచే ఉంటుంది. తోట కూలీ కూతురికి నాన్న ఫోను ఇంటికొచ్చేదాకా ఆగాలి, ఓటీపీ ఆయనకే వస్తుంది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కి డబ్బులక్కర్లేదు, డేటా అక్కర్లేదు, బటన్ ఫోను చాలు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు. అయినా మనసులో దిగులు చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఒక ఫోనూ, ఒక మూలా కావాలి.

మైనరుకు దూరవైద్యం చేయాలంటే పెద్దవాళ్లొకరు పక్కన ఉండాలని 2020 మార్చి నాటి నిబంధన. మంచి నిబంధనే. కానీ ఏప్రిల్, మే నెలల్లో అమ్మానాన్నా పొద్దున్నే కోతకు పోతారు, చీకటి పడ్డాకే వస్తారు. ఆ రెండు నెలలైనా ఊరి క్లినిక్‌లో తెర రాత్రి ఎనిమిది దాకా వెలిగి ఉండాలి, అవతల డాక్టరూ ఉండాలి. కిటికీ వెలుతురు అప్పుడుండదు. రెప్ప చూడటానికి ఒక మంచి టార్చి కావాలి.