వార్తయు స్వభావోక్తియు: తెలుఁగు కృషిపత్రికల పఠనము

అమరసింహుఁడు 'వార్త' యను పదమును రెండు తావుల నుంచెను. శబ్దాదివర్గమున దానిని వృత్తాంతము, ఉదంతము అనువానితోఁ గూర్చి సమాచారార్థమునఁ జెప్పెను. వైశ్యవర్గమున జీవనోపాయవాచకములలోఁ జేర్చెను. కౌటిల్యుఁడు విద్యలను నాలుగుగా విభజించుచు ఆన్వీక్షకి, త్రయి, దండనీతులతోఁ బాటు వార్తను బేర్కొని, కృషి పశుపాలన వాణిజ్యములే వార్త యని వివరించెను. కావునఁ గృషిపత్రిక రెండు విధములను వార్తాపత్రికయే. ఐనను భామహుఁ డీ పదమును నిందార్థమునఁ బ్రయోగించెను. సాయంకాలమున జరుగు సంగతులను ఉన్నవున్నట్లు చెప్పిన వాక్యము కావ్యము గాదనియు, అది వట్టి వార్త యనియు నాతని మతము. దండి యిందుకు భిన్నముగా స్వభావోక్తిని అర్థాలంకారములలో మొట్టమొదట నుంచి, శాస్త్రములయందు దానిదే యేలుబడి యనియుఁ, గావ్యములందును నది కోరఁదగినదే యనియుఁ జెప్పెను. కుంతకుఁడు స్వభావము అలంకరింపవలసిన వస్తువే కాని తాను అలంకారము గాఁజాలదని వాదించెను. ఈ మువ్వురిలో నెవ్వరును వరినాట్లను గూర్చిన మాసపత్రికను మనసున నుంచుకొని వ్రాసినవారు గారు. ఐనను అట్టి పత్రికను జేతఁ బట్టిన విమర్శకునకు వారి వివాదము మిక్కిలి పనికి వచ్చును.

హైదరాబాదునకుఁ బడమట మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ యను గ్రామము లుండెను. వాని పేళ్లు నేఁటికిని నిలిచియున్నవి. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదిని సైబర్ టవర్స్ భవనమును నాఁటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించినది మొదలు ఆ చుట్టుపట్లకు హైటెక్ సిటీ యనియు, మఱికొంత విరివిగా సైబరాబాదనియు వాడుక గలిగినది. చెలక లుండిన చోటఁ గార్యాలయములు లేచినవి. గోలకొండకోటకు నీరందించినదని ప్రసిద్ధిఁ గన్న దుర్గముచెఱువుపై 2020లోఁ దీఁగెలవంతెన వెలసినది. ఇచటఁ గంప్యూటరు పనులు చేయువారిలోఁ బెక్కురు కోస్తాజిల్లాలనుండియు, రాయలసీమనుండియు, తెలంగాణపల్లెలనుండియు వచ్చిన రైతుబిడ్డలు. వీరిలోఁ గొందఱు కృషిపత్రికలను జదువుటయందును, ఆదివారమునాఁడు ఆబిడ్సు కాలిబాటలపైఁ బఱచిన పాతపుస్తకములలో వాని వెనుకటి సంచికలను వెదకి కూర్చుటయందును రుచి గలవారు. పొలము లేనివాఁడు పొలముపనుల పత్రికను జదివి యేమి యానందము పొందును? ఆ యానందము సాహిత్యమునకుఁ జెందినదా, కాదా?

ఆంగ్లదేశమున నీ ప్రశ్న పుట్టలేదు. ఏలయన నచటి పల్లెపత్రిక మొదటనే పట్టణవాసికొఱకుఁ బుట్టినది. 1897లో ఎడ్వర్డ్ హడ్సన్ స్థాపించిన 'కంట్రీ లైఫ్' అమ్మకమునకు వచ్చిన పెద్దయిండ్ల ప్రకటనలతో మొదలగును. ఆపైని ఒక గొప్పకుటుంబపుఁ గన్యక చిత్తరువు నిండుపుటగా నుండుట దాని యాచారమైనది. వ్యవసాయము దెబ్బతిని, భూమి చేతులు మాఱుచుండిన కాలమది. పల్లె జీవనాధారముగా నుండుట తగ్గి యలంకారముగా మాఱుచున్నప్పు డా పత్రిక తలయెత్తినది. 1927లో రాబర్ట్‌సన్ స్కాట్ ఐడ్‌బరి యను చిన్నపల్లెనుండి వెలువరించిన 'ది కంట్రీమాన్' త్రైమాసిక మింతకన్న మెఱుఁగు. అందుఁ బల్లెవారి మాటకుఁ జోటు గలదు. ఐనను రెండింటియందును పాఠకుఁడు కుర్చీలోఁ గూర్చున్నవాఁడే.

తెలుఁగున నట్లు గాదు. స్వాతంత్ర్యమునకు ముందు రైతుపేరఁ బుట్టిన పత్రికలు, నెల్లూరి 'జమీన్ రైతు' వంటివి, జమీందారీలతోడి పోరాటమునకు నిలిచినవి. వానిలోఁ బైరుకన్న శిస్తుమాట యెక్కువ. ఆ తరువాతఁ బ్రభుత్వ వ్యవసాయశాఖ 'పాడిపంటలు' వెలువరించెను. 1969లో రామోజీరావు హైదరాబాదున 'అన్నదాత'ను స్థాపించెను. 'ఈనాడు' దినపత్రిక కది యైదేండ్లు పెద్ద. 21వ శతాబ్ది మొదటి దశాబ్దమున 'రైతునేస్తం' వచ్చినది. దాని స్థాపకుఁడు యడ్లపల్లి వేంకటేశ్వరరావునకు 2019లోఁ బద్మశ్రీ బిరుదము లభించినది. ఇవి యన్నియు దున్నువానికొఱకు వ్రాయఁబడినవి. ఊరక చదువువానిని దలఁచి వ్రాసిన పుట వీనిలో మిక్కిలి యరుదు. కావున హైటెక్ సిటీ పాఠకుఁడు పొందు నానందము పత్రిక యుద్దేశించి పెట్టినది గాదు. పరులకు వడ్డించిన విస్తరిలోనుండి తీసికొన్నది.

ఇందలి మర్మము మీమాంసకుల మాటలలోఁ జక్కఁగాఁ దెలియును. 'నాటు వేసిన మూఁడు వారములకుఁ గలుపు తీసి, మడిలో నీరు పలుచగా నుంచి, ఎరువు చల్లవలెను' అను వాక్యము విధి. అధికారి యున్నచోటనే విధి ప్రవర్తించును. ఫలమును గోరి, పని చేయుటకు సమర్థుఁడైన రైతు అధికారి. పదునాలుగవ యంతస్తున నున్న పాఠకునకు మడి లేదు, ఎరువు లేదు, ఫలకామమును లేదు. అతనియెడ 'చల్లవలెను' అనుదానిలోని ప్రేరణ చల్లారిపోవును. మిగులునది మడి, పలుచని నీరు, వంగిన నడుము. దీనిని జైమినీయులు అర్థవాద మనుట కొప్పుకొనరు, నిజమే. వారికి విధిని బొగడనిది అర్థవాదము గాదు. కాని యాలంకారికుని కిది స్వభావోక్తి. భామహుఁడు దేనిని వార్త యని త్రోసివేసెనో దానినే దండి పీఠమెక్కించెను. ఒకే వాక్యము రైతుచేతఁ బడినప్పుడు మొదటిదిగాను, రైతుకొడుకు చేతఁ బడినప్పుడు రెండవదిగాను నుండుట యిచటి విశేషము. శాస్త్రములందు స్వభావోక్తిదే యేలుబడి యన్న దండిమాట కింతకన్న మంచి యుదాహరణము దొరకదు.

ఐన నూరక సమాచారమును దొలఁగించినంతనే రసము మిగులునా? అట్లైన మందులసీసాపైఁ గట్టిన చీటియుఁ గావ్యమే కావలెను. కృషిపత్రిక కా ప్రమాదము లేకుండుటకుఁ గారణము దాని భాష. వరి పిలకలు తొడుగును, చిరుపొట్టకు వచ్చును, పొట్ట విచ్చి యీనును, గింజ పాలు పోసికొనును, పిమ్మటఁ గంకి వంగును. పిలక యనఁగా శిఖ, పొట్ట గర్భము, ఈనుట యావుకుఁ జెప్పు మాట, పాలు తల్లివి. ఒక పైరు నాలుగు నెలల బ్రదుకులోఁ బశువుయొక్కయు స్త్రీయొక్కయు శిశువుయొక్కయు ధర్మము లన్నియు నారోపింపఁబడినవి. వాడుకచేఁ బాతబడి లక్షణ యని తోఁపకపోవుటచే దీనిని నిరూఢలక్షణ యందురు. రైతున కది తోఁపదు, తోఁపనక్కఱయు లేదు. నేలకు దూరమైన పాఠకున కా పాతలక్షణ మరలఁ గ్రొత్తదై మేల్కొనును. కృషిశాస్త్రజ్ఞుఁడు ఏ కవితోద్దేశమును లేక 'చిరుపొట్టదశలో నత్రజని వేయవలె'నని వ్రాసినప్పుడు, ఆ వాక్యములో సగము ప్రయోగశాలది, సగము తరతరముల పల్లెనోళ్లది. రెండును గలిసిన యీ శైలి తెలుఁగున మఱియెందును లేదు.

విత్తనముల పేళ్లయందు నిదియే కథ. కృష్ణకాటుకలు, అక్కుళ్లు, మొలగొలుకులు అనునవి వెనుకటి వడ్లు. 1966లో ఫిలిప్పీనులనుండి ఐ.ఆర్. 8 వచ్చినది, పేరునకు బదులు అంకె పొలములోఁ బ్రవేశించినది. 1982లో మార్టేరునుండి ఎం.టి.యు. 7029, 1986లో బాపట్లనుండి బి.పి.టి. 5204 వెలువడినవి. వరుసగాఁ జదువు పాఠకుఁడు మొదట నంకెలను జూచి నిట్టూర్చును. కొన్నియేండ్లలో నా యంకెలే స్వర్ణ యనియు, సాంబమసూరి యనియు ముద్దుపేళ్లతోఁ దిరుగుటఁ జూచి యూఱటఁ జెందును. ఈ యూఱట యొక సంచికలో దొరకదు; ఏండ్లతరబడి సంచికలను గూర్చినవానికే దొరకును.

మెచ్చుకోలు చాలును, దోషములును గలవు. అన్నిటిలోఁ బెద్దది విజయగాథల శీర్షిక. ఇన్ని యెకరములు, ఇంత పెట్టుబడి, ఇన్ని క్వింటాళ్లు, ఇంత నికరాదాయము. కడపట నొక చిఱునవ్వు చిత్తరువు. ఊరు మాఱును, పంట మాఱును, అచ్చు మాఱదు. వ్రతకథకు ఫలశ్రుతి యెట్టిదో దీనికి నికరాదాయ మట్టిది. వ్రతము చేసియు ఫలము పొందనివాని కథ పురాణములో నుండదు. పంట వేసియు నప్పులపాలైనవాని కథ యీ పుటలోఁ గనఁబడదు. 1997–98 సాగుకాలమున వరంగల్లు జిల్లాలో వానలును బురుగును బ్రత్తిని దెబ్బతీయఁగా అప్పులపాలైన రైతులు పెక్కుమంది పురుగుమందు త్రాగి ప్రాణములు విడిచిరి. సైబర్ టవర్స్ తెఱవఁబడినదియు 1998వ యేఁడే. ఆ సంవత్సరపు సంపుటమును గూర్చుకొన్నవాఁడు ప్రత్తిపురుగునుగూర్చిన సలహాను జదువునప్పుడు, దానిలోని 'పిచికారీ చేయవలెను' అను విధిని వట్టి స్వభావోక్తిగా నాస్వాదింపఁగలఁడా? ఆస్వాదింపఁగలిగినచో నతని సహృదయత్వము శంకింపఁదగినది. విధికి లోఁబడక చదువుట యొక స్వాతంత్ర్యము. కాని విధికి లోఁబడి చెడినవారుండిరని మఱచి చదువుట వేఱు.

ఈ మఱపును పెంచునవి క్రొత్తగా వచ్చు వన్నెపుటలు. మొయినాబాదు, శంకరపల్లి, చేవెళ్ల ప్రాంతముల వారాంతపుఁదోఁటలు, పెంకుటింటి వసారా, రాగిచెంబు, మంచె: అన్నియు నందముగానే యుండును, పనివాఁ డొక్కఁడు మాత్ర ముండఁడు. ఇది 'కంట్రీ లైఫ్' త్రోవ. మాదాపురముననే 1992లో మొదలైన శిల్పారామమునందు పల్లెబ్రదుకును జూపు ప్రదర్శనశాల గలదు. కుమ్మరి, నేఁతగాఁడు మున్నగువారి బొమ్మలు పనిముట్లతోడఁ గూర్చుండి యుండును. అవి కౌశలముతోఁ జేయఁబడినవే. అందుఁ గాలము లేదు. ఆ కుండ యెన్నటికిని సారెనుండి దిగదు. కృషిపత్రికకు నెల గలదు. ఆషాఢపు సంచికలోని నారు మార్గశిరపు సంచికలోఁ గుప్పయగును. ఒక నెల సంచిక పోయినచోఁ బైరు మధ్యలోఁ దెగిన ట్లుండును. సంచికలు కూర్చువాని తహతహకు మూల మిదియే కాని సంఖ్యాకాంక్ష కాదు.

కూర్చుటయందును దెలుఁగువారి పక్షపాతము స్పష్టము. 1924 మొదలు 1991 వఱకు వెలువడిన 'భారతి' సంపుటములను గట్టించి యద్దపుబీరువాలలో నుంచిన గ్రంథాలయములు పెక్కు గలవు. కృషిపత్రికలను నాగటిచాలుతో సమానముగా నెంచి, కారు గడచినంతనే చిత్తుకాగితములుగాఁ జూచిరి. కట్టించినప్పుడును దప్తరీలు అట్టలను, ప్రకటనలను ఊడఁదీసిరి. పంపుసెట్టు, పురుగుమందు, సంకరవిత్తనము ఎప్పు డెట్టి మాటలతో నింటింటి కెక్కినవో చెప్పునవి యా ప్రకటనలే. వ్యాసములు బోధించినదానిని అట్టలు ఖండించిన సంచికలను బ్రక్కప్రక్కన నుంచి చూడవలెను. 'హంసవింశతి', 'శుకసప్తతి' కావ్యములను నీతిబాహ్యములని పండితులు చాలకాలము ప్రక్కకుఁ ద్రోసిరి. 1949లో సురవరము ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో వానినుండియే పల్లెల తిండిని, పనులను, పనిముట్లను దెలిసికొని చెప్పెను. ఆ రెండు కావ్యముల పని నేఁటి కాలమునకుఁ జేయఁగలవి యీ పత్రికలు.

పదశాస్త్రమునకును వీని యక్కఱ గలదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన మాండలికవృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము ఏ పదము ఏ సీమలోఁ బలుకఁబడునో చూపును. కోశము పదమును జూపును. పదము వాక్యములో నెట్లు మెలఁగునో పత్రిక చూపును. రైతులు వ్రాసిన ప్రశ్నల శీర్షిక యీ విషయమున వ్యాసములకన్న మేలు. ప్రశ్న శ్రీకాకుళపు నుడిలోనో పాలమూరి నుడిలోనో యుండఁగా, సంపాదకులు దానిని జాలవఱకు సాపుచేసి యచ్చువేయుదురు. ఐనను ఒకానొక తెగులు పేరు, ఒకానొక కొలత పేరు వారి కలమునకుఁ దప్పించుకొని మిగులును. అట్టి పదముల సూచిక యిదివఱకే తయారు కావలసినది.

ఇటీవలఁ గొందఱు పాఠకులు మరల నధికారు లగుచున్నారు. కథకుఁడుగాఁ బేరొందిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదున దన యింటిమిద్దెపైఁ గూరగాయలు పండించి, మిద్దెతోఁటను గూర్చి గ్రంథము వ్రాసిరి. ఆ త్రోవను బెక్కురు నగరవాసులు పట్టిరి. కొండాపురపు మిద్దెమీఁద నాలుగు మళ్లలో బెండయు వంగయు వేసినవాఁడు పత్రికను విప్పునప్పుడు 'వేపపిండి చల్లవలెను' అను వాక్యమునకు విధిత్వము మరల వచ్చును. అతఁడు దానిని జదివి సంతసింపఁడు. లేచి పోయి చల్లును. ఆ సంచికపై మట్టివ్రేళ్ల మరకలు పడును, పుటల మూలలు మడఁగును. ఆబిడ్సు కాలిబాటపై దానికి ధర తగ్గును.